దండకవిలె నుండి డేటా వరకు: పల్నాటి ఎన్నికల ప్రచారంలో జాబితా చరిత్ర

వ్యాససంగ్రహం:

ఎన్నికల ప్రచారంలో డేటా, ఆన్‌లైన్ ప్రకటనల వినియోగాన్ని సాధారణంగా ప్రకటనల చరిత్రగానే వివరిస్తుంటారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలను కేంద్రంగా తీసుకుని పరిశీలిస్తే దీన్ని ముందుగా ఓటర్ల జాబితా చరిత్రగా చూడవలసి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గ్రామంలోని మనుషుల ఎరుకలో ఉన్న సమాచారం దస్త్రంగా, నోటుపుస్తకంగా, యాప్‌గా మారిన క్రమాన్ని, 2019, 2024 ఎన్నికలలో దాని వినియోగాన్ని, పోలింగ్ కేంద్రాలవారీ ఫలితాలతో అది కలిసినప్పుడు రహస్య ఓటుకు ఏర్పడే ప్రమాదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, ఓటర్ల జాబితా, డేటా, ఆన్‌లైన్ ప్రకటన, ఇంటిపేరు, బూత్, రహస్య ఓటు.

1. ఉపోద్ఘాతం:

పల్నాడు అనగానే తెలుగు పాఠకునికి కారంపూడి యుద్ధభూమి, బ్రహ్మనాయుడి చాపకూడు, 1922లో పుల్లరి వ్యతిరేక ఉద్యమంలో ప్రాణాలర్పించిన కన్నెగంటి హనుమంతు గుర్తుకు వస్తారు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. నరసరావుపేట, చిలకలూరిపేట, పెదకూరపాడు, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అనే ఏడు శాసనసభ నియోజకవర్గాలు నరసరావుపేట లోక్‌సభ స్థానం పరిధిలో ఉన్నాయి. ఇక్కడి ఎన్నికలను ముఠా తగాదాల కోణంలో చర్చించినంతగా ప్రచార సాధనాల కోణంలో చర్చించలేదు. అయితే ఈ రెండు కోణాలనూ విడదీయడం సాధ్యం కాదు. పార్టీ చేతిలోని జాబితా ప్రశాంతమైన నగరవీధిలో ఒక అర్థాన్ని, ఎవరు ఏ పక్షమో ఊరందరికీ తెలిసిన పల్లెలో మరొక అర్థాన్ని ఇస్తుంది. ఈ వ్యాసానికి ఆధారం ఈ భేదమే.

2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడినప్పుడు ప్రపంచవ్యాప్తంగా 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ ఖాతాదారుల సమాచారం ఆ సంస్థకు చేరి ఉండవచ్చని తేలింది. వారిలో భారతీయులు సుమారు 5.62 లక్షల మంది అని ఫేస్‌బుక్ ప్రకటించింది. ఆ తరువాత ఈ విషయంపై జరిగిన చర్చ అంతా మనిషి మనస్తత్వాన్ని తెర మీది అలవాట్లనుబట్టి పసిగట్టడం చుట్టూ తిరిగింది. ఆంధ్రదేశంలో జరిగింది దీనికి భిన్నం. ఇక్కడ ఓటరు సమాచారం ప్రధానంగా ఇంటి గడప దగ్గర నుండే వచ్చింది. సెల్‌ఫోను ఆ తరువాత తోడైంది.

2. గ్రామ సమాచారం - దాని యజమానులు:

గ్రామానికి సంబంధించిన సమాచారాన్ని రాసి ఉంచే సంప్రదాయం తెలుగునాట పాతదే. భూముల వివరాలు, పన్నులు, గ్రామ వృత్తాంతాలు గల దండకవిలెలు కరణాల అధీనంలో ఉండేవి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో అనేకం ఈ దండకవిలెల ఆధారంగా రాసినవే. ఊరి సంగతులు తెలిసినవాడికి ఊరి మీద పలుకుబడి ఉండటం సహజం. 1984లో నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. దీనితో కరణం దస్త్రం ప్రభుత్వ కార్యాలయానికి చేరింది. కానీ ఎవరి ఇంట్లో ఎన్ని ఓట్లు, ఏ ఇల్లు ఏ పక్షం, ఎవరికి ఎవరితో వియ్యం, ఎవరికి ఎవరితో గట్టు తగాదా అనే ఎరుక ఊళ్లోనే ఉండిపోయింది. దానికి కొత్త యజమాని పార్టీ గ్రామనాయకుడు.

పోలింగు ముందు రోజుల్లో ఓటర్ల జాబితా ప్రతి మీద ‘మనవాళ్లు’, ‘అవతలివాళ్లు’, ‘ఊగిసలాడేవాళ్లు’ అని గుర్తులు పెట్టుకోవడం, ఊళ్లో లేనివారిని, వలస వెళ్లినవారిని గుర్తించడం, చీటీలు పంచడం బూత్ స్థాయి రాజకీయంలో ఎప్పటి నుండో ఉన్న పని. నేడు ‘ఓటర్ల వర్గీకరణ’ అని వ్యవహరిస్తున్న పని ఇదే. అయితే దానికి రెండు పరిమితులు ఉండేవి. మొదటిది, అది ఆ మనిషితోపాటే ఉండేది. నాయకుడు పార్టీ మారితే లెక్క కూడా ఆయన వెంట వెళ్లేది. రెండవది, తన గురించి ఆయనకు ఏం తెలుసో ఓటరుకూ తెలిసేది. ఒకరినొకరు ఎరిగిన సమాజంలో సమాచారం ఏకపక్షంగా ఉండదు. డేటా ఈ రెండు పరిమితులనూ తొలగించింది.

ప్రచారానికి సంబంధించి మరొక విశేషాన్నీ గమనించాలి. గోడరాత, కరపత్రం, మైకు కట్టిన వాహనం, 1982-83లో రామారావు చైతన్యరథం, ఇవన్నీ బహిరంగమైనవి. ఒక వర్గానికి ఇచ్చిన మాట రెండవ వర్గమూ వినేది. చాపకూడు కథలో అన్ని కులాలవారూ ఒకే పంక్తిలో కూర్చున్నట్లు, బహిరంగ సభలో శ్రోతలందరికీ ఒకే ప్రసంగం అందేది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను కరపత్రం మీద ముద్రాపకుని, ప్రకాశకుని పేర్లు ఉండాలని నిర్దేశించింది. అంటే మాటకు బాధ్యుడెవరో ఓటరుకు తెలియాలనేది చట్టం ఉద్దేశం.

3. జాబితా యంత్రంలోకి వచ్చిన క్రమం:

ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి సంఖ్య, వయసు, లింగం, గుర్తింపు కార్డు సంఖ్య ఉంటాయి. కులం, వృత్తి, ఫోను సంఖ్య ఉండవు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న కాలంలో, 1993లో ఫోటో గుర్తింపు కార్డులు ప్రారంభమైన తరువాత ప్రతి ఓటరుకూ ఒక ప్రత్యేక సంఖ్య వచ్చింది. దొంగ ఓట్లను అరికట్టడం దాని లక్ష్యం. కానీ ఒక జాబితాను మరొక జాబితాతో జతచేయడానికి అవసరమైన తాళంచెవి కూడా అదే అయింది.

2015 మార్చిలో ఎన్నికల సంఘం ఓటరు కార్డులను ఆధార్‌తో అనుసంధానించే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అదే సంవత్సరం ఆగస్టు 11న ఆధార్ వినియోగంపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అది నిలిచిపోయింది. 2016 జూలై 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజాసాధికార సర్వేను ప్రారంభించి ఇంటింటి సమాచారాన్ని ట్యాబ్‌లలో నమోదు చేయించింది. సంక్షేమ పథకాలకు అర్హులను గుర్తించడం దాని ప్రకటిత ప్రయోజనం. ఈ విధంగా ఒకే కుటుంబం వివరాలు వేర్వేరు ప్రయోజనాల కోసం వేర్వేరు చోట్ల యాంత్రిక రూపంలో నిలువ ఉండే స్థితి ఏర్పడింది.

ఎన్నికల సంఘం మాత్రం అంతర్జాలంలో పెట్టే జాబితాలను శోధనకు వీలులేని బొమ్మరూపంలో ఇవ్వడం ఆరంభించింది. శోధనకు అనువైన రూపంలో ఇవ్వాలన్న వాదనను 2018 అక్టోబరులో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఓటర్ల గోప్యత దృష్ట్యా ఇది సమంజసమే. అయితే దీని ఫలితం అసమానంగా ఉంది. బొమ్మలోని అక్షరాలను తిరిగి టైపు చేయించగల స్తోమత పెద్ద పార్టీలకు ఉంది. జాబితాలోని తప్పులను పరిశీలించదలచిన స్వతంత్ర అభ్యర్థికి, పరిశోధకునికి, పౌరసంఘానికి అది భారం.

4. ఇంటిపేరు - యంత్రం పరిమితి:

తెలుగు జాబితాలను యంత్రం చదివేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఇంటిపేరు. జాబితాలో కులం లేకపోయినా ఇంటిపేరునుబట్టి దాన్ని ఊహించే ప్రయత్నం జరుగుతుంది. కానీ ఒకే ఇంటిపేరు పలు కులాలలో కనిపించడం తెలుగునాట సర్వసాధారణం. వివాహానంతరం స్త్రీల ఇంటిపేరు మారడం, ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, మరొక పత్రంలో పేరు ముందు ఉండటం, రోమను లిపిలో ఒకే పేరును నాలుగైదు రకాలుగా రాయడం వల్ల ఒకే మనిషి ఇద్దరుగా, ఇద్దరు మనుషులు ఒకరుగా యంత్రానికి కనిపించే వీలుంది. కనుక తెలుగు నామవిజ్ఞానానికి సంబంధించిన సమస్య ఇక్కడ ఓటుహక్కు సమస్యగా పరిణమిస్తుంది.

ఈ పరిమితి వల్లనే దూరాన ఉన్న విశ్లేషకునికి ఊళ్లోని కార్యకర్త అవసరం తప్పలేదు. యంత్రం ఊహించినదాన్ని బూత్ కార్యకర్త సరిదిద్దుతాడు. డేటా వచ్చి పాత గ్రామరాజకీయాన్ని తొలగించిందనే అభిప్రాయం అందువల్ల నిలవదు. గ్రామనాయకుని ఎరుకను అది పార్టీ కేంద్రకార్యాలయానికి తరలించింది. ఊళ్లో ఎరుక కలవాడు సమాచారానికి యజమాని స్థానం నుండి సమాచారాన్ని నింపేవాని స్థానానికి మారాడు.

5. 2019 ఎన్నికలు - జాబితాపై వివాదం:

2017 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిగిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్లీనరీలో ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్‌ను ఆ పార్టీ శ్రేణులకు పరిచయం చేశారు. ఆయనకు చెందిన ఐ-ప్యాక్ 2019 వరకు ఆ పార్టీకి పనిచేసింది. తెలుగుదేశం పార్టీ ‘సేవామిత్ర’ అనే యాప్‌ను బూత్ స్థాయి కార్యకర్తలకు అందించింది. ఎన్నికలకు ముందు, 2019 మార్చిలో ఆ యాప్‌ను రూపొందించిన హైదరాబాదు సంస్థ ఐటీ గ్రిడ్స్‌పై ఓటర్ల వ్యక్తిగత సమాచారాన్ని అక్రమంగా కలిగి ఉందనే ఆరోపణతో తెలంగాణ పోలీసులు కేసు నమోదు చేశారు. సుమారు 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ సంస్థ వద్ద ఉన్నాయనే ఆరోపణపై ఏప్రిల్‌లో మరొక కేసు నమోదైంది. తెలుగుదేశం ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. తమ పార్టీ సమాచారాన్నే కాజేశారని ప్రత్యారోపణ చేసింది. రెండు రాష్ట్రాలూ వేర్వేరుగా ప్రత్యేక దర్యాప్తు బృందాలను నియమించాయి.

అదే సమయంలో జాబితా నుండి పేర్లు తొలగించాలని కోరే ఫారం-7 దరఖాస్తులు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో వచ్చాయి. తమ ఓటర్లను తొలగించడానికి ప్రత్యర్థులు వీటిని పెట్టించారని ఒక పక్షం, దొంగ ఓట్లు ఉన్నందుననే పెట్టవలసి వచ్చిందని మరొక పక్షం వాదించాయి. న్యాయస్థానాలు తేల్చవలసిన అంశాలపై తీర్పు చెప్పడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. చరిత్ర దృష్టితో గమనించవలసింది వివాదం స్వరూపాన్ని. 2019 నాటి తీవ్రమైన డేటా వివాదాలలో ఏదీ ఒక ఆన్‌లైన్ ప్రకటనలోని మాటల గురించి కాదు. అవన్నీ జాబితా ఎవరి వద్ద ఉంది, అందులో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు పోయింది అనే అంశాల గురించే జరిగాయి.

6. 2019-2024: వాలంటీరు, స్టిక్కరు, హామీపత్రం:

2019 ఆగస్టు 15న ప్రారంభమైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ సుమారు 50 ఇళ్లకు ఒకరి చొప్పున రాష్ట్రమంతటా విస్తరించింది. పింఛను ఇంటికే రావడం వృద్ధులకు, వికలాంగులకు నిజమైన ఊరట. కార్యాలయాల చుట్టూ, గ్రామపెద్దల చుట్టూ తిరిగే అవసరం తగ్గింది. అదే సమయంలో ఆ 50 ఇళ్ల వివరాలు, ఫోను సంఖ్యలు, లబ్ధుల లెక్క ఒక మనిషి చేతిలోని పరికరంలోకి చేరాయి. ప్రభుత్వ సేవకు, పార్టీ పనికి మధ్య హద్దు ఎక్కడుందనే ప్రశ్న తలెత్తింది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం నగదు పంపిణీకి వాలంటీర్లను వినియోగించరాదని, వారికిచ్చిన ఫోన్లను, ట్యాబ్‌లను జిల్లా ఎన్నికల అధికారి వద్ద జమచేయించాలని ఆదేశించింది. మనిషిని పని నుండి తప్పించడంతో సరిపుచ్చకుండా పరికరాన్ని కూడా స్వాధీనం చేయించడం గమనార్హం. జాబితా పరికరంలో ఉందని ఆ ఆదేశం పరోక్షంగా అంగీకరించినట్లే.

పార్టీలు కూడా ఇంటింటి నమోదుకు పూనుకున్నాయి. 2023 ఏప్రిల్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ ‘మా నమ్మకం నువ్వే జగన్’ పేరిట ఇళ్ల తలుపులకు, ఫోన్లకు స్టిక్కర్లు అంటించి, మిస్డ్ కాల్ ఇవ్వమని కోరింది. తెలుగుదేశం ‘బాబు ష్యూరిటీ - భవిష్యత్తుకు గ్యారంటీ’ పేరిట కుటుంబాల వారీగా హామీపత్రాలు అందించింది. మిస్డ్ కాల్ ఇచ్చిన ఓటరు పైసా ఖర్చు లేకుండా తన ఫోను సంఖ్యను పార్టీకి అప్పగిస్తాడు. జాబితాలో లేని అంశం ఈ విధంగా జాబితాకు జతపడుతుంది. తలుపు మీది స్టిక్కరు ప్రచారసామగ్రిగా కనిపించినా, ఏ ఇల్లు అంగీకరించింది, ఏ ఇల్లు వద్దన్నది అనే వివరాన్ని వీధి అంతటికీ ప్రకటిస్తుంది. 2024 మే 2న ఎన్నికల సంఘం, సర్వేల పేరుతోనో యాప్‌ల ద్వారానో ఎన్నికల తరువాతి పథకాలకు ఓటర్లను నమోదు చేసుకోవడం మానాలని దేశంలోని పార్టీలన్నిటికీ సూచించింది. అప్పటికి రాష్ట్రంలో పోలింగుకు పదకొండు రోజులే ఉంది.

7. ఆన్‌లైన్ ప్రకటన - కనిపించేది, కనిపించనిది:

ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో సామాజిక మాధ్యమాలకు నియమాలు రూపొందించింది. అభ్యర్థులు తమ ఖాతాలను ప్రమాణపత్రంలో పేర్కొనాలి. ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ పొందాలి. ఆ ఖర్చును ఎన్నికల వ్యయంలో చూపాలి. 2019 ఫిబ్రవరి నుండి ఫేస్‌బుక్, గూగుల్ రాజకీయ ప్రకటనల వివరాలను బహిరంగపరుస్తున్నాయి. 2022 నుండి శాసనసభ అభ్యర్థి వ్యయపరిమితి 40 లక్షల రూపాయలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. పార్టీ చేసే సాధారణ ప్రచారవ్యయానికి పరిమితి లేదు. ఆన్‌లైన్ ప్రకటన అభ్యర్థి పేరు లేకుండా పార్టీ నాయకుని బొమ్మతో మాచర్లలోని ఫోనుకు చేరినప్పుడు అది ఎవరి ఖర్చో నిర్ణయించడం కష్టం.

ఫేస్‌బుక్ ప్రకటనల భాండాగారంలో ప్రకటన, దానికి డబ్బు చెల్లించినవారి పేరు, వ్యయం అంచనా, చూసినవారి వయసు, లింగం, రాష్ట్రం కనిపిస్తాయి. ఆ ప్రకటన గురజాలకు వెళ్లిందా, చిలకలూరిపేటకు వెళ్లిందా అన్నది సాధారణంగా తెలియదు. ప్రకటనకర్తలు తమ వద్ద ఉన్న ఫోను సంఖ్యల జాబితాను వేదికకు ఇచ్చి, ఆ మనుషులకే ప్రకటన చూపించే ఏర్పాటు కూడా ఉంది. ఆ జాబితా ఎక్కడి నుండి వచ్చిందో భాండాగారం చెప్పదు. గూగుల్ 2020 జనవరి నుండి ఎన్నికల ప్రకటనల లక్ష్యాన్ని వయసు, లింగం, పిన్‌కోడు స్థాయి ప్రదేశానికి పరిమితం చేసింది. పల్నాటిలో నరసరావుపేట 522601, గురజాల 522415, మాచర్ల 522426 వంటి పిన్‌కోడులు నియోజకవర్గాల హద్దులను అనుసరించవు. కాబట్టి కేవలం పిన్‌కోడుతో చేసే ప్రకటన మోటుగానే ఉంటుంది. దానికి పదును తెచ్చేది పార్టీ సొంత జాబితాయే. వాట్సాప్ గుంపులలో తిరిగే సందేశాలకైతే ప్రకటన అనే పేరే ఉండదు. అవి ఏ భాండాగారానికీ ఎక్కవు.

దీనికి మరొక పార్శ్వమూ ఉంది. ఒక పక్షానికి చెందిన పెద్దలు శాసించే పల్లెలో, రెండవ పక్షం సభకు వెళ్లడమే సాహసమైన చోట, ఆ పక్షం మాటను సెల్‌ఫోనులో ఒంటరిగా వినగలగడం పేద ఓటరుకు ఒక స్వేచ్ఛ. కనుక ప్రకటన వ్యక్తిగతంగా చేరడం తనంతట తానే దోషం కాదు. వినేవాని ఏకాంతాన్ని ఆన్‌లైన్ ప్రకటన కొంత కాపాడుతుంది. ఆ ఏకాంతాన్ని చెరిపేది జాబితా.

8. బూత్ ఫలితం - రహస్య ఓటు:

ఓటింగు రహస్యాన్ని కాపాడవలసిన బాధ్యతను ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షను ఎన్నికల విధుల్లోని వారిపై మోపింది. రహస్య ఓటు స్వేచ్ఛాయుత ఎన్నికలకు అవిభాజ్యమని 2013లో ‘నోటా’ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగితపు బ్యాలెట్ల కాలంలో బెదిరింపుల భయం ఉన్నచోట పలు కేంద్రాల బ్యాలెట్లను కలిపి లెక్కించడానికి ఎన్నికల నిర్వహణ నియమాలలోని 59ఎ వీలు కల్పించింది. 2004 సార్వత్రిక ఎన్నికలు పూర్తిగా ఓటింగు యంత్రాలతో జరిగాయి. యంత్రంతో ప్రతి కేంద్రం ఫలితం విడిగా తెలుస్తుంది, ఫారం-20లో ప్రకటితమవుతుంది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే ‘టోటలైజర్’ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. అది అమలుకు రాలేదు.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. ఒక ఊరి కేంద్రంలో 900 ఓట్లు పోలయ్యాయి. పార్టీ యాప్‌లో 500 మంది ‘మనవాళ్లు’గా నమోదై ఉన్నారు. ఫలితంలో 420 ఓట్లే వచ్చాయి. లెక్కలో తేడా 80. ఆ 80 మంది ఎవరో యాప్ చెప్పలేదు. అయితే ఎవరెవరిని అనుమానించాలో వెతకడానికి ఒక జాబితాను మాత్రం సిద్ధంగా ఉంచుతుంది. పూర్వం అనుమానం నాయకుని మనసులో ఉండేది. ఇప్పుడు దానికి అంకె, పేరు, ఇంటి సంఖ్య తోడయ్యాయి. వాస్తవంగా ఓటు వేసిన మనిషి తప్పించుకోవచ్చు, వేయనివాడు చిక్కుకోవచ్చు. కచ్చితత్వం లేని లెక్కకు కచ్చితత్వపు రూపం రావడం ఇందులోని అసలు ప్రమాదం.

పల్నాటిలో ఇది కేవల సిద్ధాంతచర్చ కాదు. 2019 ఎన్నికల తరువాత తమ మద్దతుదారులు పల్నాటి గ్రామాలు విడిచి వెళ్లవలసి వచ్చిందని ఆరోపిస్తూ తెలుగుదేశం సెప్టెంబరు 11న ‘చలో ఆత్మకూరు’కు పిలుపునిచ్చింది. అధికారపక్షం ఆ ఆరోపణలను ఖండించి పోటీగా అదే పిలుపు ఇచ్చింది. పోలీసులు ఆంక్షలు విధించారు. 2024 మే 13 పోలింగు రోజున మాచర్ల నియోజకవర్గంలో 7 పోలింగ్ కేంద్రాలలో ఓటింగు యంత్రాలు ధ్వంసమయ్యాయని ఎన్నికల అధికారులు ప్రకటించారు. పాల్వాయిగేటు కేంద్రంలోని దృశ్యాలు వెబ్ కెమెరాలో నమోదై, అధికారిక ప్రకటన కన్నా ముందే సెల్‌ఫోన్లలో వ్యాపించాయి. జిల్లా కలెక్టరు బదిలీ, ఎస్పీ సస్పెన్షన్, ప్రత్యేక దర్యాప్తు బృందం నియామకం జరిగాయి. ఈ ఘటనలకు డేటా కారణమని చెప్పడానికి వీలులేదు. వీటి మూలాలు ఇంకా పాతవి. అయితే ఓటు వేసినందుకు ఊరు విడవవలసి వస్తుందేమోననే భయం ఉన్నచోట, గడపగడపకూ పక్షం గుర్తు పెట్టిన జాబితాను ప్రచారసాధనంగా మాత్రమే పరిగణించలేం.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• పల్నాటిలో డేటా ఆధారిత ప్రచారం గ్రామస్థాయి రాజకీయాన్ని తొలగించలేదు. గ్రామనాయకుని ఎరుకను అతని నుండి వేరుచేసి కేంద్రకార్యాలయానికి తరలించింది.

• 2015 నుండి 2024 వరకు ప్రధాన వివాదాలన్నీ జాబితా చుట్టూ జరిగాయి. చట్టం మాత్రం ప్రకటన మీద, దాని ఖర్చు మీద ఎక్కువగా దృష్టి నిలిపింది.

• 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, చట్టబద్ధంగా బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుండి మినహాయించింది. ఓటర్ల జాబితాకు ఈ మినహాయింపు అన్వయించే అవకాశం ఉంది. బహిరంగ జాబితాకు ఫోను సంఖ్య, కులం, పార్టీ మొగ్గు జతచేసినప్పుడు ఏర్పడేది కొత్త సమాచారమని, దానికి రక్షణ వర్తించాలని చట్టం స్పష్టం చేయవలసి ఉంది.

• ముఠా కక్షల చరిత్ర ఉన్న ప్రాంతాలలోనైనా పలు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే విధానం పునఃపరిశీలనకు రావాలి. ఒక కాలంలో నియమం కల్పించిన రక్షణను యంత్రం రాకతో ఓటరు కోల్పోయాడు.

పరిశోధకుల ముందు తక్షణ కర్తవ్యం కూడా ఒకటి ఉంది. రాజకీయ ప్రకటనలను ఏడేళ్లపాటు భాండాగారంలో ఉంచుతామని ఫేస్‌బుక్ ప్రకటించింది. ఆ లెక్కన 2019 ఎన్నికల ప్రకటనల గడువు 2026లో తీరుతుంది. గోడరాతలు వానకు చెరిగాయి, స్టిక్కర్లు సున్నాల కింద కలిశాయి, వాట్సాప్ సందేశాలు ఫోన్లతోపాటే పోతున్నాయి. రెండు శతాబ్దాల నాటి పల్లెల సంగతులు కైఫీయతుల పుణ్యమా అని మనకు దక్కాయి. చీటీలు, హామీపత్రాలు, స్టిక్కర్లు, ఆన్‌లైన్ ప్రకటనల ప్రతులను ఓటర్ల వ్యక్తిగత వివరాలు తొలగించి కళాశాల గ్రంథాలయాలలో భద్రపరచే పనిని పల్నాటి తెలుగు, చరిత్ర, రాజనీతి శాఖలు ఉమ్మడిగా చేపట్టవచ్చు.